పిన్ని అని పిలిపించుకున్న అమ్మకు ఏ హక్కుంది?

స్కూలు వదిలే వేళకు గేటు దగ్గర వాచ్‌మన్ ఒక లామినేషన్ కార్డు చూస్తాడు. పిల్లను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల ఫొటో ఆ కార్డు మీద ఉంటేనే లోపలికి కేకేస్తాడు. సైనిక్‌పురి వైపు ఉండే నా స్నేహితురాలి బ్యాగులో అలాంటి కార్డు ఆరేళ్లు ఉంది. దాని మీద రెండు ఫొటోలు. ఒకదాని కింద ‘మదర్’ అని, రెండోదాని కింద ‘ఆంట్’ అని. రెండో ఫొటో తనది.

పాప ఇంట్లో ఇద్దర్నీ అమ్మ అనే పిలిచేది. బయటికొస్తే మాత్రం ఒకరిని పిన్ని అనాలని వాళ్లే నేర్పారు. పిన్ని అంటే లిఫ్టులో ఎదురైనవాళ్లు ఇంకో ప్రశ్న అడగరు కదా. 2018లో, పాపకు రెండేళ్లప్పుడు, జంటగా బతుకుతున్న ఆ ఇద్దరిలో ఒకరు దత్తత తీసుకున్నారు. కాగితాల మీద ఒక్కరే. రాత్రి జ్వరమొస్తే మేలుకున్నదీ, ఎక్కాలు నేర్పిందీ, జుట్టుకు నూనె పెట్టి రెండు జడలు వేసిందీ ఇద్దరూ.

2025లో ఇద్దరూ విడిపోయారు. జూన్‌లో బడి తెరిచాక కొత్త కార్డు వచ్చింది. అందులో ఫొటో ఒక్కటే.

“అక్కా, మేం విడిపోయాం, సరే. కానీ నేను దేనికోసం కోర్టుకెళ్లాలి? కాగితం మీద ఏమని రాయాలి?” అని ఫోన్లో అడిగింది. నేను కోర్టు వార్తలు రాసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. విడాకుల కేసులు లెక్కలేనన్ని చూశాను. అయినా ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చట్టాలు, తీర్పులు ముందేసుకుని, తెలిసిన లాయర్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. తనలాంటి వాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు.

స్వలింగ జంటల మాట వచ్చినప్పుడల్లా మన చర్చ పెళ్లి దగ్గరే ఆగిపోతుంది. చేసుకోవచ్చా, చేసుకోకూడదా అన్నదే గొడవ. పెళ్లి లేకపోవడం అసలు ఎక్కడ దెబ్బ కొడుతుందంటే, విడిపోయే రోజున. ఆ రోజు ఇద్దరిలో ఎవరి పేరు కాగితం మీద లేదో వాళ్లు ఉత్త చేతులతో బయటికి నడవాలి. వాళ్లతోపాటు పిల్లలూ ఎంతో కొంత పోగొట్టుకుంటారు.

2023 తీర్పు ఏం చెప్పింది?

ఈ కథలో హైదరాబాద్‌కు మొదటినుంచీ చోటుంది. 2021 డిసెంబరులో నగర శివార్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు బంధుమిత్రుల సమక్షంలో ఒక్కటయ్యారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు తలుపు తట్టారు. స్వలింగ వివాహాల కేసు అని మనం టీవీల్లో విన్నది సుప్రియో పేరు మీద నడిచిన కేసే. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ ఐదుగురిలో జస్టిస్ పి.ఎస్. నరసింహ మన హైదరాబాద్ వారు. జస్టిస్ హిమా కోహ్లీ అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు.

రాజ్యాంగం ప్రకారం పెళ్లి ప్రాథమిక హక్కు కాదనీ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని స్వలింగ జంటలకు వర్తించేలా కోర్టు తిరగరాయలేదనీ ఐదుగురూ ఒకే మాట చెప్పారు. పెళ్లి కాకపోయినా ఆ బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలా, జంటగా దత్తత తీసుకోవచ్చా అన్న దగ్గర ఇద్దరు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయ్యారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ ఇవ్వాలన్నారు. మిగతా ముగ్గురూ అది పార్లమెంటు పని అన్నారు. రివ్యూ పిటిషన్లను కూడా 2025 జనవరిలో కొట్టేశారు.

కలిసి బతకడం తప్పని మాత్రం ఎవరూ అనలేదు. అది నేరం కాదని 2018 సెప్టెంబరు 6నే సుప్రీంకోర్టు తీర్పుతో తేలిపోయింది. ఇద్దరమ్మాయిలు కలిసి ఉండటానికి ఇంట్లోవాళ్లు అడ్డుపడకూడదని 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు స్పష్టంగా చెప్పింది. కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదని 2025 మేలో మద్రాసు హైకోర్టు అంది. ఇవి చిన్న విషయాలు కావు. పోలీసులతో బలవంతంగా ఇంటికి లాక్కుపోయే భయం ఉన్నవాళ్లకు ఈ మాటలే ప్రాణం. కానీ ఈ తీర్పులన్నీ కలిసి ఉండటం గురించే. విడిపోతే ఏంటన్నది వాటిలో లేదు.

విడాకులు అంటే ఏంటి?

మన ఇళ్లలో విడాకులంటే కాపురం కూలిపోవడం. చట్టం లెక్కలో అది ఒక ఏర్పాటు. పెళ్లయిన ఇద్దరు పడక విడిపోతుంటే మధ్యలో జడ్జి కూర్చుంటారు. ఎవరికి ఆదాయం లేదో చూసి మనోవర్తి ఇప్పిస్తారు. కేసు తేలేదాకా ఖర్చులకు ఇంతని చెబుతారు. బిడ్డ ఎవరి దగ్గరుండాలి, రెండోవాళ్లు ఏ రోజున ఎన్ని గంటలు చూసుకోవచ్చు, పండక్కి ఎక్కడ, వేసవి సెలవుల్లో ఎక్కడ, అన్నీ రాస్తారు. ఒకరు మాట తప్పితే రెండోవాళ్లు ఆ ఆర్డరు పట్టుకుని మళ్లీ అదే కోర్టుకు వెళ్లొచ్చు. ఎంత కోపంతో విడిపోయినా, బలహీనంగా ఉన్నవాళ్ల చేతిలో ఒక కాగితం మిగులుతుంది.

పెళ్లే లేనివాళ్లకు ఇవేవీ లేవు. ఫ్యామిలీ కోర్టులో విడాకుల పిటిషన్ వేయాలంటే ముందు పెళ్లి చూపించాలి. నా స్నేహితురాలు అడిగిన ప్రశ్న సరిగ్గా అక్కడికే వచ్చి తగిలింది.

“సహజీవనానికీ హక్కులున్నాయని విన్నాం కదా” అని చాలామంది అంటారు. గృహహింస చట్టం కింద పెళ్లి కాని ఆడవాళ్లకు కూడా రక్షణ ఉన్నమాట నిజమే. అయితే ఆ బంధం ‘పెళ్లిని పోలినది’ అయి ఉండాలి. 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు దీనికి కొలతలు పెట్టింది. అందులో ఒకటి: ఇద్దరూ చట్టప్రకారం పెళ్లి చేసుకోవడానికి అర్హులై ఉండాలి. అబ్బాయి, అమ్మాయి కలిసి ఉంటే ఈ కొలత దాటొచ్చు. ఇద్దరు అమ్మాయిలు దాటలేరు, ఎందుకంటే చేసుకోవడానికి వాళ్లకు పెళ్లే లేదు. ఇద్దరు మగవాళ్లయితే ఆ చట్టం దగ్గరికే రాలేరు, ఫిర్యాదు చేసే హక్కు అందులో ఆడవాళ్లకే ఉంది. తలుపు ఒకచోట మూస్తే ఇంకో నాలుగు చోట్ల అదే మూసుకుంటుంది.

చట్టంలో ‘భార్య, భర్త’ అన్నచోట ‘జీవిత భాగస్వామి’ అని మారిస్తే చాలదా అని నేనూ అనుకున్నాను. ప్రత్యేక వివాహ చట్టం తెరిచి చూస్తే విడాకుల భాగంలోనే ఎక్కువ చిక్కుంది. సెక్షన్ 36, 37 కింద మనోవర్తి అడిగే హక్కు భార్యకే ఉంది. ఇద్దరు మగవాళ్లలో అది ఎవరికి వర్తించాలి? ఇద్దరు ఆడవాళ్లలో ఎవరు ఎవరికివ్వాలి? సెక్షన్ 27లో భార్యకు మాత్రమే ఇచ్చిన విడాకుల కారణాల్లో ‘సోడమీ’ (అసహజ సంభోగం) అన్న మాట ఇప్పటికీ ఉంది. హిందూ వివాహ చట్టం మనోవర్తి విషయంలో కొంత నయం, భర్త కూడా అడగొచ్చు. కోర్టు ఒక పదం మార్చి వదిలేసే పని కాదన్నది నిజమే. కానీ అందుకే పార్లమెంటు దీన్ని పూర్తిగా చేతిలోకి తీసుకోవాలి. కష్టమైన పని కాబట్టి వదిలేద్దాం అంటే నాకు ఒప్పుదల కాదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సంగతి వేరు. ట్రాన్స్ మహిళ ఒక పురుషుణ్ని పెళ్లి చేసుకుంటే ఉన్న చట్టాల కిందే అది చెల్లుతుందని 2023 తీర్పే చెప్పింది. పెళ్లి చెల్లితే విడాకులూ, మనోవర్తీ చెల్లుతాయి. భర్త వేధిస్తే ట్రాన్స్ మహిళ కూడా 498ఏ కింద కేసు పెట్టొచ్చని 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది.

ఫ్లాటు ఎవరిది?

వాళ్లిద్దరూ ఉన్న ఫ్లాటు పాప తల్లి పేరు మీదుంది. లోను ఒక్కరి పేరు మీద అయితే త్వరగా వస్తుందని అప్పట్లో అలా కానిచ్చారు. ఈఎంఐలో సగం నా స్నేహితురాలు ఏడేళ్లు నెలనెలా పంపింది. బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఉన్నాయి. వాటితో ఏం చేయొచ్చని లాయరును అడిగితే ఆయన మొదట అన్న మాట ‘బినామీ’.

నాకు దిమ్మతిరిగింది. బినామీ అంటే నల్లడబ్బున్నవాళ్ల వ్యవహారం అనుకుంటాం. కానీ చట్టం ప్రకారం డబ్బు ఒకరిది, రిజిస్ట్రేషన్ ఇంకొకరి పేరు మీద అయితే అది బినామీ లావాదేవీ కిందికి రావచ్చు. ‘నా డబ్బుతో కొన్నది, కాబట్టి నాదే’ అని దావా వేయడానికి ఆ చట్టంలోని సెక్షన్ 4 ఒప్పుకోదు. భార్య పేరు మీదో భర్త పేరు మీదో తెలిసిన ఆదాయంతో కొంటే మినహాయింపుంది. పిల్లల పేరు మీద కొన్నా ఉంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో అయితే దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉంటే మినహాయింపుంది. పదకొండేళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషికి మాత్రం లేదు.

పోనీ, విడిపోతూ ఆమే మంచిమనసుతో కొంత డబ్బు తిరిగిచ్చిందనుకుందాం. భార్యాభర్తల మధ్య గిఫ్టు ఎంతైనా పన్నుండదు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి తీసుకుంటే ఆ మొత్తం ఆదాయం కిందే లెక్క. ఇచ్చేవాళ్లకు ఇవ్వాలని ఉన్నా, తీసుకునేవాళ్లు పన్ను కట్టాలి.

అందుకే ఇప్పుడు కలిసి ఉన్న జంటలకు నేను మొదట చెప్పేది ఇదే. ఇల్లు కొంటే సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో రాయించుకోండి. ప్రేమ ఉన్న రోజుల్లో ఈ మాట ఎత్తడం ఇబ్బందిగానే ఉంటుంది. పెళ్లయిన జంటల తరఫున ఆ ఇబ్బంది చట్టం పడుతుంది. మీ తరఫున పడేవాళ్లెవరూ లేరు.

ఇక పాప సంగతి

స్వలింగ జంటల ఇంటికి పిల్లలు వచ్చే దారులు కొన్నే. ఏ దారిలో వచ్చినా చట్టం ముందు తల్లిగానో తండ్రిగానో మిగిలేది ఒక్కరే.

దత్తతనే తీసుకోండి. బాలల న్యాయ చట్టం కింద పెళ్లికాని మనిషి ఒంటరిగా దత్తత తీసుకోవచ్చు, అయితే ఒంటరి మగవాడికి ఆడపిల్లనివ్వరు. జంటగా తీసుకోవాలంటే 2022 దత్తత నిబంధనల్లోని 5(3) ప్రకారం కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక బంధం చూపించాలి. ఇది వివక్ష అని చంద్రచూడ్ రాశారు, మెజారిటీ ఒప్పుకోలేదు. దీనికి తోడు, పెళ్లి లేకుండా ఇంకొకరితో కలిసి ఉంటున్నవాళ్ల దరఖాస్తులు తీసుకోవద్దని కేంద్ర దత్తత సంస్థ 2022 జూన్‌లో సర్క్యులర్ కూడా ఇచ్చింది. దాని ఫలితం ఏంటో ఆలోచించండి. దత్తతకు ముందు ఇల్లు చూసే హోమ్ స్టడీకి సోషల్ వర్కర్ వచ్చే రోజున ఇంట్లో రెండో మనిషి టూత్‌బ్రష్ కూడా కనబడకుండా దాచాలి. బిడ్డ ఇంట్లో అడుగుపెట్టకముందే ఒక అమ్మ కనుమరుగు కావాలి.

ఐవీఎఫ్ దారిలో ఒంటరి మహిళకు వీలుంది. 2021 నాటి చట్టం 21 నుంచి 50 ఏళ్ల మధ్య ఉన్న మహిళలకు ఆ సేవలు అందుకునే వీలిస్తుంది. కన్నవాళ్లే తల్లి. పక్కన చేయి పట్టుకుని కూర్చున్నామెకు ఏ హోదా లేదు. సరోగసీ అయితే పెళ్లయిన జంటకూ, 35 నుంచి 45 ఏళ్ల వితంతువులకూ, విడాకులు తీసుకున్న మహిళలకే. ఇద్దరు మగవాళ్లకు ఈ రెండు దారులూ మూసే ఉన్నాయి.

మరి నా స్నేహితురాలు ఆ పాపకు ఎవరు? తల్లి తోబుట్టువైన పిన్ని అయితే బాలల న్యాయ చట్టం ఆమెను ‘బంధువు’ అంటుంది. బంధువులకు దత్తతలో వేరే దారి కూడా ఉంది. నోటితో పిలిచే పిన్నికి, నిజంగా అమ్మలా పెంచిన పిన్నికి, చట్టంలో చోటు లేదు.

అయితే ఒక సందు ఉంది. చాలామంది లాయర్లు కూడా ముందు ‘కుదరదమ్మా’ అనేస్తారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలో సెక్షన్ 7 ఉంది. విడాకుల లాంటివి పెళ్లయినవాళ్ల మధ్యే అని అది చెబుతుంది. పిల్లల గార్డియన్‌షిప్, కస్టడీ, పిల్లలను కలుసుకునే వీలు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఏ మైనరు’ విషయమైనా అంటుంది. అడిగేవాళ్లు పెళ్లయినవాళ్లే అయి ఉండాలన్న షరతు అక్కడ లేదు. దీనికి తోడుగా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. పిటిషన్ ఎవరు వేయొచ్చో దాని సెక్షన్ 8 చెబుతుంది: గార్డియన్‌గా ఉండగోరేవాళ్లు, బంధువులు, మిత్రులు. బ్రిటిష్ వాళ్ల కాలపు చట్టంలో బిడ్డకు మిత్రులుండొచ్చన్న మాట చదివినప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

సందు ఇరుకైనదే. అదే చట్టంలోని సెక్షన్ 19 అడ్డొస్తుంది. బిడ్డకు తండ్రో తల్లో బతికి ఉండి, వాళ్లు పనికిరానివాళ్లని కోర్టు అనుకోనంతవరకూ వేరేవాళ్లను గార్డియన్‌గా పెట్టకూడదు. అంటే పాపకు గార్డియన్ కావాలంటే నా స్నేహితురాలు కోర్టులో నిలబడి ‘ఆ తల్లి పనికిరాదు’ అని రుజువు చేయాలి. “ఆమె మంచి తల్లి అక్కా. నేను ఆ మాట ఎలా అంటాను?” అంది. భార్యాభర్తలైతే ఎదుటివాళ్లను చెడ్డవాళ్లని నిరూపించకుండానే ఆదివారం బిడ్డను చూసుకునే వీలు అడగొచ్చు. తనకున్నది రెండే దారులు. ఒకటి యుద్ధం. రెండోది, గార్డియన్‌షిప్ జోలికి పోకుండా పాపను కలుసుకునే వీలు మాత్రం ఇప్పించమని అడగడం. లాయర్లు రెండోదే మేలన్నారు. గెలుపు ఖాయమని ఎవరూ అనలేదు.

అడిగితే చేతిలో ఉండే బలం ఒకటుంది. ఇలాంటి కేసుల్లో తేల్చేది పెద్దవాళ్ల హక్కు కాదు, బిడ్డ క్షేమం. పిల్లలు తల్లిదండ్రుల సొత్తూ కారు, ఆటబొమ్మలూ కారన్న అర్థంలో సుప్రీంకోర్టు 1973లోనే రోజీ జేకబ్ కేసులో చెప్పింది. తనకేం కావాలో చెప్పగల వయసు బిడ్డకు ఉంటే ఆ ఇష్టాన్ని జడ్జి పరిగణించొచ్చని 1890 చట్టమే అంటోంది. తొమ్మిదేళ్ల పిల్లకు చెప్పడం వచ్చు.

మరి ఇద్దరూ కలిసి ఉన్నప్పుడే ‘పాప ఇద్దరిదీ’ అని స్టాంపు కాగితం మీద రాసుకుంటే? దీనికి జవాబు మన మదనపల్లె నుంచే వచ్చింది. జిడ్డు కృష్ణమూర్తి తండ్రి నారాయణయ్య 1910లో తన ఇద్దరు కొడుకుల సంరక్షణను అనీబిసెంటుకు రాసిచ్చారు. తర్వాత మనసు మార్చుకుని పిల్లలను వెనక్కి ఇమ్మని దావా వేశారు. 1914లో ఆ కేసు బ్రిటిష్ కాలపు అత్యున్నత కోర్టు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. కేసు వేసిన పద్ధతి సరికాదని చివరికి నారాయణయ్య ఓడిపోయారు. కానీ ఆ తీర్పు చెప్పిన సూత్రం ఇప్పటికీ నిలిచే ఉంది: పిల్లల పెంపకాన్ని తండ్రి ఇంకొకరికి అప్పగించొచ్చు గానీ, ఆ అప్పగింతను మళ్లీ వెనక్కి తీసుకోవచ్చు. అంటే అలా రాసుకున్న కాగితం తాళం కాదు, సాక్ష్యం. ఇద్దరూ కలిసి పెంచాలని మొదటినుంచీ అనుకున్నారని రేపు జడ్జి ముందు చూపించడానికి పనికొస్తుంది. అందుకే రాసుకోమంటాను.

తల్లి హఠాత్తుగా పోతే పరిస్థితి ఇంకా ఘోరం. అమ్మమ్మ తాతయ్యలు వచ్చి బిడ్డను తీసుకెళ్లిపోతే ఆపేందుకు రెండో అమ్మ చేతిలో ఏమీ ఉండదు. గార్డియన్‌గా ఎవరుండాలో తల్లి వీలునామాలో రాసిపెడితే, పోయినవాళ్ల కోరికను కోర్టు లెక్కలోకి తీసుకోవాలని చట్టంలో ఉంది. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు. ఈ ఒక్క పని ఈ వారమే చేసుకోమని ఎవరికైనా చెబుతాను. 2023 తీర్పులో మెజారిటీ రాసిన జస్టిస్ భట్ కూడా ఇలాంటి పిల్లలు నష్టపోకుండా ప్రభుత్వం ఆలోచించాలన్నారు. పెద్దవాళ్ల పెళ్లి విషయంలో ఎన్ని అభిప్రాయాలున్నా, ఈ పిల్లల గురించిన కంగారు ఆ తీర్పులోనే కనబడుతుంది.

అమెరికా నుంచి వచ్చినవాళ్ల కథ

మన దగ్గర ఇది దూరపు సంగతి కాదు. అక్కడ పెళ్లి చేసుకుని, ఉద్యోగం కోసమో అమ్మానాన్నల కోసమో గచ్చిబౌలికో నల్లగండ్లకో తిరిగొచ్చిన జంటలున్నాయి. అక్కడ భార్యాభర్తల్లాంటివాళ్లు, శంషాబాద్‌లో దిగగానే చట్టం ముందు ఏమీ కానివాళ్లు.

ఇక్కడ విడాకులు దొరకవు. అక్కడికెళ్లి తీసుకుందామంటే చాలాచోట్ల కొన్ని నెలలు నివాసముండాలన్న షరతు ఉంటుంది. ఈ ఇరుకు గమనించే కెనడా 2013లో ఒక చట్టం చేసింది. అక్కడ పెళ్లి చేసుకున్న బయటిదేశం వాళ్లు, తాము ఉంటున్న చోట ఆ పెళ్లికి గుర్తింపు లేక విడాకులు దొరక్కపోతే, కెనడా కోర్టులోనే తీసుకోవచ్చు. కాలిఫోర్నియాలో పెళ్లి చేసుకున్నవాళ్లకూ అలాంటి వెసులుబాటు ఉంది. ‘ఇండియాలో ఆ పెళ్లి చెల్లదు కదా, వదిలేద్దాం’ అనుకోవద్దు. ఇంట్లో ఒత్తిడికి లొంగి ఇక్కడ ఇంకో పెళ్లి చేసుకుంటే, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టిన రోజున రెండు పెళ్లిళ్ల మనిషి అవుతారు. అది అక్కడ నేరం కావచ్చు.

పిల్లల విషయంలో అమెరికా కూడా ఒక్క రోజులో మారలేదు. కనని తల్లికి బిడ్డను చూసే హక్కు అడిగే అర్హతే లేదని 1991లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టు చెప్పింది. పాతికేళ్ల తర్వాత, 2016లో, అదే కోర్టు తన మాట తనే వెనక్కి తీసుకుంది. ఆ కేసులో ఇద్దరు ఆడవాళ్లకు పెళ్లి కాలేదు. బిడ్డ పుట్టేనాటికి న్యూయార్క్‌లో వాళ్లకు పెళ్లి చేసుకునే వీలు లేదు. ఇద్దరూ కలిసి బిడ్డను కని పెంచాలని ముందే అనుకున్నారని గట్టి సాక్ష్యం చూపిస్తే చాలు, కనని తల్లి కూడా కస్టడీ అడగొచ్చని కోర్టు తేల్చింది. మన జడ్జీలు ఆ దారిలో ఆలోచించడానికి కొత్త పార్లమెంటు చట్టం కూడా అక్కర్లేదని నేను నమ్ముతున్నాను. బిడ్డ క్షేమమే ముఖ్యమన్న సూత్రం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. 2017లో అరిజోనా సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. పెళ్లిలో పుట్టిన బిడ్డకు భర్తను తండ్రిగా లెక్కేసినట్టే, కన్నతల్లి భార్యను కూడా తల్లిగా లెక్కేయాలంది. మన చట్టంలో అలాంటి ఊహ భర్తకు మాత్రమే ఉంది.

అక్కడ కస్టడీ ఆర్డరు చేతిలో ఉన్నా, రెండో తల్లి బిడ్డను తీసుకుని హైదరాబాద్ వచ్చేస్తే ఆ ఆర్డరు దానంతట అది ఇక్కడ నడవదు. పిల్లల్ని దేశం దాటించడం మీద 1980లో వచ్చిన హేగ్ ఒప్పందంలో ఇండియా చేరలేదు. బిడ్డ క్షేమం ఏంటో ఇక్కడి కోర్టు మళ్లీ మొదట్నుంచీ చూస్తుంది. భార్యాభర్తల కేసుల్లోనే ఇది ఏళ్లు పడుతుంది. స్వలింగ జంట అయితే, ఇక్కడి కోర్టులో ‘మీరెవరు’ అన్న ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

ఇంకో ముడి ఉంది, మన ఊళ్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది. గే అని తెలిసీ ఇంట్లోవాళ్ల బలవంతం మీద అమ్మాయినిచ్చి చేసిన పెళ్లిళ్లు. అక్కడ విడాకులున్నాయి. పరస్పర అంగీకారంతో విడిపోవడమే ఇద్దరికీ మర్యాద. మోసపోయిన ఆ అమ్మాయి బాధ నిజం, ఆమె తప్పేమీ లేదు. అయితే స్వలింగ సంపర్కుడైనంత మాత్రాన ఒక తండ్రికి బిడ్డను చూసే హక్కు పోతుందని ఏ చట్టమూ చెప్పదు. ఆ బెదిరింపుకు భయపడి సంతకాలు పెట్టిన మగవాళ్లను నేను చూశాను.

నా స్నేహితురాలు చివరికి కోర్టుకు వెళ్లలేదు. పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరమ్మ ఇద్దర్నీ ఒక ఆదివారం తన ఇంట్లో కూర్చోబెట్టింది. నాలుగు గంటలు పట్టింది. మధ్యలో ఇద్దరూ ఏడ్చారు, ఒకసారి ఒకరు లేచి వెళ్లిపోబోయారు. రెండు పేజీల ఒప్పందం తయారైంది. ఫ్లాటు పాప పేరు మీదికి ఎప్పుడు మారాలో, స్కూలు ఫీజులో ఎవరి వాటా ఎంతో, దసరా సెలవులు ఎవరి దగ్గరో రాసుకున్నారు. తల్లి వీలునామాలో గార్డియన్‌గా నా స్నేహితురాలి పేరు పెట్టింది. దేన్నీ కోర్టు ద్వారా గట్టిగా అమలు చేయించలేమని లాయరమ్మ ముందే చెప్పింది.

ప్రతి శుక్రవారం బడి వదలగానే పాపను తీసుకెళ్లి ఆదివారం సాయంత్రం దింపాలన్నది అందులో మూడో అంశం. దానికోసం తల్లి స్కూలుకు వెళ్లి ఫారం నింపింది. రిలేషన్ అన్న గడిలో మళ్లీ ‘ఆంట్’ అనే రాసింది, వేరే మాట రాస్తే ఆఫీసులో ప్రశ్నలు మొదలవుతాయని. రెండు ఫొటోలతో కొత్త కార్డు వచ్చింది. నా స్నేహితురాలు దాన్ని ఫొటో తీసి నాకు పంపింది. పెద్దది చేసి చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, ఈ విద్యా సంవత్సరానికి మాత్రమే చెల్లుతుందని.